పాత కంప్యూటరు కొత్త ప్రోగ్రామును ఏల అంగీకరింపదు?

ఈ సంవత్సరము మన పాఠశాల కంప్యూటరు గదిని గూర్చి తలిదండ్రులు మమ్ము అడిగిన ప్రశ్నలలో ఒకటి పలుమారులు వినవచ్చినది. నిన్నటివరకు చక్కగా పనిచేసిన యంత్రము కొత్త ప్రోగ్రామును వేయబోగా కాదనుచున్నది; యంత్రము చెడినదా, పిల్లవాడేమైన చెడగొట్టినాడా అని కొందరు అడిగిరి. మరికొందరు మమ్ము అడుగకయే బిడ్డను మందలించిరనియు, యంత్రమును మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోయి అవసరము లేని భాగములకు సొమ్ము చెల్లించిరనియు తెలిసి విచారించితిమి. దాతలు మన పాఠశాలకు ఇచ్చిన యంత్రములలోను, ఇంటిలో అన్నల నుండి తమ్ములకు సంక్రమించిన యంత్రములలోను పాతవి పెక్కు గలవు. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలుపుట మా విధి యని తలచితిమి.

ముందుగా ఒక మాట స్పష్టముగా చెప్పెదము. ఇట్టి సందర్భములలో చాలవరకు యంత్రము చెడలేదు, బిడ్డ చెడగొట్టలేదు. యంత్రము ఎప్పటివలెనే యున్నది. దానికొరకు ప్రోగ్రాములను సిద్ధపరచు లోకము మాత్రము ముందునకు సాగిపోయినది. అది యెట్లు జరుగునో చూతము.

ప్రోగ్రాము తయారగు విధము

ప్రోగ్రామును వ్రాయువారు దానిని మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. సి, సి++, రస్ట్ మొదలగునవి అట్టి భాషలు. ఇట్లు వ్రాసినదానిని మూలపాఠ మందుము. కాని కంప్యూటరునకు ప్రాణమైన ప్రాసెసరు ఈ భాషల నెరుగదు. దానికి తెలిసినవి కొన్ని ఆజ్ఞలు మాత్రమే. ఈ రెండు సంఖ్యలను కూడుము, ఆ చోటనున్నదానిని ఈ చోటికి తెమ్ము, ఫలితము సున్న అయినచో ఫలానా వరుసకు పొమ్ము, ఇట్టివి. అవియు అంకెల సంకేతములుగానే దానికి అందవలెను. మూలపాఠమును ఈ ఆజ్ఞల వరుసగా మార్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. అది యొక అనువాదకుని వంటిది.

ప్రాసెసర్లన్నియు ఒకే ఆజ్ఞావళిని ఎరుగవు. మన బల్లమీది కంప్యూటర్లలోని ఇంటెల్, ఎ.ఎమ్.డి. కంపెనీల ప్రాసెసర్లది యొక ఆజ్ఞావళి. చేతిఫోనులలోని ఆర్మ్ ప్రాసెసర్లది వేరొకటి. ఒక్క వంశములోనే తరతరమునకు కొత్త ఆజ్ఞలు చేరుచుండును. ఇంటెల్ వంశమున 1978లో 8086, 1985లో 80386, 1993లో పెంటియమ్ వెలువడినవి. 2000లో పెంటియమ్-4తో ఎస్.ఎస్.ఇ.-2 అను కొత్త ఆజ్ఞల సమూహము చేరినది. 2003లో ఎ.ఎమ్.డి. వారు ఆప్టెరాన్ అను ప్రాసెసరుతో అంతవరకు 32 బిట్లుగా నున్న పద్ధతిని 64 బిట్లకు విస్తరించిరి. తాతగారి మాటలు మనుమడు గ్రహించును. మనుమడు బడిలో నేర్చిన కొత్త మాటలు తాతగారికి అర్థము కావు. పాత ప్రోగ్రాములు కొత్త యంత్రముపై నడచుచు, కొత్త ప్రోగ్రాములు పాత యంత్రముపై నడువకుండుటకు మూలమిదియే.

మన చేతికి వచ్చునది సాధారణముగా మూలపాఠము కాదు. ఎవరో ముందే అనువదించి మూటగట్టి యుంచినది మనకు చేరును. ఈ మూటను ప్యాకేజీ యందురు. లినక్సు లోకములో ఇట్టి ప్యాకేజీలను సమకూర్చు సంఘములలో డెబియన్ ప్రసిద్ధమైనది. దానిని 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించెను. నేటికిని స్వచ్ఛంద సేవకులే నడపుచున్నారు. మన దేశమున సి-డాక్ వారు రూపొందించిన బాస్ అను వ్యవస్థకును డెబియనే ఆధారము. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13వ విడుదలలో ప్యాకేజీల సంఖ్య 70 వేలకు చేరువ. వీనిలో నొక్కొక్కదానిని ఒక్కొక్క ప్రాసెసరు వంశమునకు వేరువేరుగా అనువదింపవలెను. ఆ విడుదల 7 వంశములకు లభించుచున్నది. ప్రతి వంశమునకు కేటాయించిన యంత్రములు మూలపాఠము అందగనే అనువాదమును మొదలుపెట్టును. అది నడుమ ఆగిపోయినచో ఆ వంశపు యంత్రములు గలవారికి ఆ ప్యాకేజీ లేనట్లే.

అనువాదము ఆగుటకు కారణములు

మొదటి కారణము మాటల కొరత. ప్రోగ్రాము వేగముగా నడువవలెనని రచయిత ఎస్.ఎస్.ఇ.-2 వంటి కొత్త ఆజ్ఞలను మూలపాఠమునందే వాడవచ్చును. పాత ప్రాసెసరు కొరకు అనువదింపబూనిన కంపైలరు అక్కడ ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు అనువాదము పూర్తియై, నడుపబోవు వేళ ప్రాసెసరు తనకు తెలియని ఆజ్ఞను చూచి నిలిచిపోవును. మన పిల్లలు తెరపై చూచిన "చెల్లని ఆజ్ఞ" యను అర్థము గల ఇంగ్లీషు సందేశ మిదియే. ఇందు పిల్లవాని దోష మేమియు లేదు.

రెండవ కారణము లెక్కలలోని సూక్ష్మభేదము. పాత ఇంటెల్ యంత్రములు దశాంశ సంఖ్యలను లోపల 80 బిట్ల నిడివితో గణించి పిమ్మట కుదించును. కొత్త పద్ధతిలో మొదటినుండియు 64 బిట్లతోనే గణింతురు. రెండు ఫలితములకు చివరి అంకెలలో భేదము రావచ్చును. నేడు చాల ప్యాకేజీలను అనువదించిన వెంటనే పరీక్షించుట ఆచారము. ఎదురుచూచిన అంకెకు వచ్చిన అంకె సరిపోలనిచో పరీక్ష తప్పినట్లు. పరీక్ష తప్పినచో ప్యాకేజీ లేనట్లు.

మూడవది చోటు చాలమి. నాలుగంకెల ఇంటినంబర్లు మాత్రమే వ్రాయవచ్చునను నియమము గల ఊరిలో పదివేల ఇండ్లకు మించి తపాలా అందదు. అట్లే 32 బిట్ల చిరునామాతో 4,29,49,67,296 చోట్లను మాత్రమే గుర్తింపగలము. అనగా యంత్రములో ఎంత మెమరీ యున్నను ఒక ప్రోగ్రామునకు 4 గిగాబైట్లకు మించి యొకేమారు అందదు. నేటి వెబ్ బ్రౌజరు వంటి మహాగ్రంథమును అనువదించి, వేలకొలది ముక్కలను ఒకటిగా కూర్చునపుడు అంతకంటె నెక్కువ చోటు కావలసి వచ్చుచున్నది. కంపైలరు ఊపిరాడక మధ్యలోనే విరమించును.

నాలుగవది, మూలపాఠమును వ్రాసినవారు తెలియకయే చేసికొన్న ఊహలు. ఇందుకు మన యింటి ఉదాహరణమే చాలును. తెలుగులో "ఇరువది యొకటి" యందుము. పదుల స్థానము ముందు, ఒకట్లు వెనుక. మరాఠీలో "ఏకవీస్", హిందీలో "ఇక్కీస్" అందురు, ఒకట్లు ముందు. రెండు భాషల నడుమ పెరిగిన మన బిడ్డ చెవితో విని అంకెలు వ్రాయునపుడు 21ని 12గా వ్రాయు ప్రమాదము కలదు. ప్రాసెసర్లలోను ఇట్లే కొన్ని పెద్దసంఖ్య యొక్క పైభాగమును ముందు దాచును, కొన్ని క్రిందిభాగమును ముందు దాచును. తన యంత్రపు వరుసయే లోకమంతటి వరుస యని తలచి వ్రాసిన ప్రోగ్రాము వేరొక వంశముపై తప్పు లెక్క చూపును.

అయిదవ కారణము అనువాదకుడే లేకుండుట. రస్ట్ అను భాష ఇటీవలి కాలమున మిక్కిలి వ్యాప్తి చెందినది. సి భాషలో మెమరీని పొరపాటున దుర్వినియోగము చేయుటవలన కలుగు భద్రతాలోపములను అది చాలవరకు నివారించును. కావున పాత ప్యాకేజీలను రస్ట్‌లో తిరిగి వ్రాయుచున్నారు. బొమ్మలను గీయు లిబ్-ఆర్-ఎస్-వి-జి యను ప్యాకేజీలో 2017లోను, పైథాన్ భాషలో రహస్యలిపికి ఉపయోగపడు క్రిప్టోగ్రఫీ యను ప్యాకేజీలో 2021లోను రస్ట్ ప్రవేశించినది. అప్పటికి డి.ఇ.సి. వారి ఆల్ఫా, హెచ్.పి. వారి పి.ఎ.-రిస్క్ వంటి పాత వంశములకు రస్ట్ కంపైలరే లేదు. మూలపాఠములో తప్పు లేదు, యంత్రములో తప్పు లేదు. నడుమ నిలిచి అనువదించువాడు లేడు.

ఇట్టి ప్యాకేజీ యొక్కటి ఆగినచో నష్టము దానితో ముగియదు. తెరపై గుర్తులు చూపు ప్రోగ్రాములు పెక్కు బొమ్మలను గీయు ప్యాకేజీపై ఆధారపడి యున్నవి. పునాదిలో నొక రాయి కదలినచో పైగదులన్నియు ఖాళీ చేయవలసినట్లు, దానిపై నిలిచిన వందల ప్యాకేజీలు ఆగిపోవును.

ఇవి గాక కాలగణనపు చిక్కొకటి రానున్నది. 1970 జనవరి 1 నుండి గడచిన క్షణములను 32 బిట్లలో లెక్కించు యంత్రములకు 2,14,74,83,647 తరువాత అంకె లేదు. ఆ క్షణము మన దేశకాలము ప్రకారము 2038 జనవరి 19 ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు వచ్చును. డెబియన్ వారు 13వ విడుదలలో 32 బిట్ల ఆర్మ్ వంశమునకు 64 బిట్ల కాలగణనము ప్రవేశపెట్టిరి. ఇంటెల్ 32 బిట్ల వంశమును మాత్రము, దానికై పూర్వము అనువదింపబడిన పాత ప్రోగ్రాములు నడచుటకు వీలుగా, ఉన్నట్లే విడిచిరి.

పోషించువారు లేనిచో

పైన చెప్పిన చిక్కులన్నింటికి పరిహారములు గలవు. మూలపాఠమును సరిదిద్దవచ్చును, కొత్త ఆజ్ఞలకు బదులు పాత ఆజ్ఞలను వాడు దారిని చేర్చవచ్చును, కంపైలరునే వ్రాయవచ్చును. కాని ఎవరో కూర్చుండి ఆ పని చేయవలెను. ఇదియే అసలు విషయము. డెబియన్ సంఘములో ఒక ప్రాసెసరు వంశమునకు స్థానము దొరకవలెనన్నచో దాని బాధ్యత వహించు మనుష్యులుండవలెను, అనువాదమునకు యంత్రములుండవలెను, ప్యాకేజీలలో అత్యధికభాగము ఎప్పటికప్పుడు సిద్ధమగుచుండవలెను. ఈ మూడింటిలో నేది తగ్గినను ఆ వంశము అధికార పట్టికనుండి తొలగును.

ఈ నియమమును విని మన చదువరులు ఆశ్చర్యపడరని యెంచుచున్నాము. అల్పసంఖ్యాకుల భాషలో నొక తరగతి నిలువవలెనన్నచో తగినంతమంది పిల్లలుండవలెను, ఉపాధ్యాయుడుండవలెను, పుస్తకము సకాలమున అందవలెను. వీనిలో నొకటి లోపించిననాడు ఎవరును ద్వేషముతో తలుపు మూయనక్కరలేదు. తలుపు తనంతట మూతపడును. పాత ప్రాసెసర్ల గతియు నిట్టిదే.

32 బిట్ల ఇంటెల్ వంశపు చరిత్రము చూడుడు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును 386 యంత్రముపైననే సృష్టించెను. 2013లో వెలువడిన లినక్సు 3.8 నుండి ఆ 386కే స్థానము లేకపోయినది. గూగుల్ వారు క్రోమ్ బ్రౌజరును 32 బిట్ల లినక్సునకు ఇచ్చుట 2016లో మానిరి. ఆర్చ్ లినక్సు 2017లోను, ఫెడోరా 2019లోను 32 బిట్ల ఇంటెల్ యంత్రములను విడిచినవి. డెబియన్ 2023లో ఇచ్చిన 12వ విడుదలయే ఆ యంత్రములలో వేసికొనుటకు వీలైన చివరిది. 13వ విడుదలలో ఆ వంశపు ప్యాకేజీలు 64 బిట్ల యంత్రముపై పాత ప్రోగ్రాములను నడుపుటకు మాత్రమే ఉంచబడినవి, వానికి ఎస్.ఎస్.ఇ.-2 తప్పనిసరి. 2025 అక్టోబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 144 తోడనే సాధారణ విడుదలలలో 32 బిట్ల లినక్సు బ్రౌజరు ముగిసినది.

అయినను నిరాశ చెందనక్కరలేదని చూపు వృత్తాంతము గూడ నొకటి కలదు. మోటొరోలా వారి 68000 ప్రాసెసరు 1979 నాటిది. 1984 నాటి మెకింటాష్, 1985 నాటి అమీగా యంత్రములలో నుండెడిది. డెబియన్ వారు 2007 నాటి విడుదలలో దానిని అధికార పట్టికనుండి తొలగించిరి. దాని అభిమానులు వేరుగా నొక మూల కూర్చుండి ప్యాకేజీలను అనువదించుట మానలేదు. జి.సి.సి. యను ప్రసిద్ధ కంపైలరు తన అంతర్నిర్మాణమును మార్చుకొనుచు, మార్పునకు తగని పాత వంశములను విడిచివేయ నుండగా, వీరు చందాలు ప్రోగుచేసి బహుమానమును ప్రకటించిరి. 2019లో ఒక నిపుణుడు ఆ పనిని పూర్తిచేసెను. 2021లో రస్ట్‌కు ఆధారమైన ఎల్.ఎల్.వి.ఎమ్. అను కంపైలరు వ్యవస్థలోను ఆ వంశమునకు ప్రయోగాత్మకముగా చోటు లభించినది. వ్యాపారము విడిచిన యంత్రమును కొలదిమంది ఓపిక గలవారు నిలుపుకొనిరి. సంఖ్య చిన్నదగుట ఒక్కటే అంతమునకు కారణము కాదు. పని పంచుకొనువారు లేకుండుటయే కారణము.

మన తెలుగునకు దీనితో గల సంబంధము

తెలుగు అక్షరములకు 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణములోనే స్థానము లభించినది. కాని సంకేతములున్నంతమాత్రమున తెరపై తెలుగు కనబడదు. క, ష అను అక్షరములు కలసి క్ష కావలెను. వత్తు తన చోట క్రింద కుదురవలెను. గుణింతము హల్లుతో కలిసిపోవలెను. ఈ కూర్పును చేయు హార్ఫ్‌బజ్ వంటి పనిముట్లు, అక్షరరూపములు, వానిని వాడు బ్రౌజరు, అన్నియు ప్యాకేజీలే. యంత్రము పాత విడుదల యొద్ద ఆగినచో ఇవియు అచ్చటనే ఆగును. తరువాతి కాలమున సవరింపబడిన లోపములు దానిలో అట్లే యుండిపోవును. ఇంటి వెలుపల తెలుగు పుస్తకము దొరకుట దుర్లభమైన మన పిల్లలకు కంప్యూటరు తెర యొక గ్రంథాలయమువంటిది. కావుననే ఈ విషయము మనకు కేవలము యంత్రశాస్త్రపు ముచ్చట కాదు.

తలిదండ్రులు చేయదగినవి

మొదటిది, పారవేయుటకు ముందు పరీక్షింపుడు. 64 బిట్ల ప్రాసెసరు ఉండియు 32 బిట్ల వ్యవస్థ వేయబడిన యంత్రములు కలవు. మెమరీ తక్కువగా నున్న దినములలో అట్లు వేయుట వాడుక. అట్టివానిలో 64 బిట్ల వ్యవస్థను కొత్తగా వేసినచో చిక్కు తీరును. పైసా ఖర్చు లేదు. డెబియన్ వారి సలహాయు నిదియే. వేయుటకు ముందు పిల్లల వ్రాతలను, ఛాయాచిత్రములను వేరొక చోట భద్రపరచుకొనవలెను. లినక్సులో ఎల్-ఎస్-సి-పి-యు అను ఆజ్ఞ నిచ్చినచో ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా యని తెరపై కనబడును. విండోస్‌లో సిస్టము వివరముల పుటలో ప్రాసెసరు తరగతి, వ్యవస్థ తరగతి వేరువేరుగా వ్రాసి యుండును, రెండింటిని చదువవలెను.

రెండవది, పాత యంత్రమును కొనునపుడు పేరు చూచి మోసపోకుడు. 2006 ఆరంభమున వచ్చిన ఇంటెల్ కోర్ డ్యుయో 32 బిట్లది. అదే సంవత్సరము మధ్యలో వచ్చిన కోర్-2 డ్యుయో 64 బిట్లది. నడుమనున్న 2 అంకెయే భేదము. 2008 నాటి చిన్న లాప్‌టాపులలో విరివిగా వాడిన ఆటమ్ ఎన్-270 ప్రాసెసరు 32 బిట్లదే. చవుకగా వచ్చినదని దీనిని కొన్నచో బిడ్డ చదువునకు అది చాలకాలము అక్కరకు రాదు.

మూడవది, విండోస్-10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్-11 మొదటినుండియు 64 బిట్ల యంత్రములకే. అది అంగీకరింపని 64 బిట్ల యంత్రములలో పెక్కు లినక్సుతో చక్కగా నడచును. కావున "ఇది ఇక పనికిరాదు" అను దుకాణదారుని మాటను విని వెంటనే కొత్తది కొనకుడు. ఏ భాగము చెడినదో, ఎట్లు తెలిసినదో అడుగుడు.

నాలుగవది, నిజముగా 32 బిట్లదే యైన యంత్రమును ఇంటర్నెట్టునకు దూరముగా నుంచుడు. భద్రతా సవరణలు అందని యంత్రముపై బ్యాంకు వ్యవహారములు గాని, రహస్యపదములు గాని తగవు. అంతమాత్రమున అది నిరుపయోగము కాదు. తెలుగు టైపు నేర్చుకొనుటకు, లెక్కలకు, బొమ్మలకు, సి భాషలో మొదటి పాఠములకు అది యథాప్రకారము పనికివచ్చును. మన పాఠశాలలో అట్టి యంత్రములను ఈ పనులకే కేటాయించితిమి. ఒకదాని పైమూత విప్పి ప్రాసెసరు ఎక్కడ, మెమరీ ఎక్కడ అని పిల్లలకు చూపుచున్నాము. పూర్తిగా ఆగిపోయినదానిని చెత్తలో వేయక, అధికారము పొందిన ఈ-వ్యర్థముల సేకరణవారికి ఒప్పగింపవలెను.

చివరగా నొక మనవి. మీ బిడ్డ తెరపై అనువాదదోషపు సందేశమును చూచి మీయొద్దకు వచ్చినపుడు కసరుకొనకుడు. ఆ సందేశములో ఏ ప్యాకేజీ, ఏ వరుస, ఏ కారణము అను వివరముండును. దానిని ఉన్నదున్నట్లు నోటుపుస్తకమున వ్రాసికొని రమ్మనుడు. ఆ ప్యాకేజీ రచయితలకు స్పష్టముగా తెలియపరచుట గూడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంఘములలో నొక సేవగా పరిగణింపబడును. పై తరగతుల విద్యార్థులు అట్టి లేఖలు వ్రాయుట నేర్చినచో, నేడు ఇతరులు సిద్ధపరచినదానిని వాడుకొనువారు రేపు సిద్ధపరచువారిలో చేరగలరు. తెలుగు అక్షరములను సరిచూచు పనికి తెలుగు చదువ నేర్చినవారే కావలెను గదా. ఆ పనికి మన పిల్లలు అర్హులు. మీరు వారిని ప్రోత్సహింతురని ఆశించుచున్నాము.